అమ్మను వానలోకి తీసుకెళ్ళిన ఇల్లుబండి

వాన చూడటానికి టూరు పోయినవాళ్ళు మా పావగడ తాలూకా మొత్తంలో మేమొక్కళ్ళమే అయి ఉంటాం. మా వాళ్ళు తిరుపతికి పోతారు, ధర్మస్థలకి పోతారు, కాస్త చేతులాడితే ఊటీకి పోతారు. వాన పడేట్టుందని సామాను సర్దుకుని నిడుగల్లు కొండ కిందికి పోయి బండిలో కాపురం పెట్టినవాళ్ళ గురించి నేనైతే వినలేదు. మా చుట్టాలకు ఆ సంగతి ఇప్పటికీ నవ్వులాటే. నవ్వుకోనీ. అమ్మ నిజంగా సంతోషంగా ఉండగా నేను చూసిన రోజులు అవే. అమ్మ మీద జన్మలో రానంత కోపం నాకు వచ్చిందీ ఆ రోజుల్లోనే.

బండి మాదే. తిరుమణి దగ్గర సోలార్ పార్కు కట్టే రోజుల్లో ఇంజనీర్లను తిప్పడానికి మా ఆయన ఒక పాత టెంపో ట్రావెలర్ కొన్నాడు. కట్టడం అయిపోయింది, ఇంజనీర్లు వెళ్ళిపోయారు, బండి మా ఇంటి ముందు దుమ్ము తింటూ నిలబడిపోయింది. ఈయన ఫోనులో వీడియోలు చూసీ చూసీ ఒకరోజు సీట్లన్నీ పీకి పారేశాడు. రెండు మంచాలు బిగించాడు. ఒక గ్యాస్ పొయ్యి, నీళ్ళ డ్రమ్ము, మడిచే బల్ల, నెత్తి మీద ఒక చిన్న సోలార్ పలక పెట్టాడు. వెనక అద్దం మీద 'క్యాంపర్ వ్యాన్' అని ఎర్ర అక్షరాల స్టిక్కర్ కూడా అంటించాడు. బెంగళూరు కుర్రాళ్ళు బాడుగకు తీసుకుంటారని ఆయన ఆశ. ఒక్కరూ రాలేదు. ఈ రాళ్ళూ ఈ ఎండా చూడటానికి బెంగళూరు నుంచి ఎవరొస్తారని అడిగితే ముఖం గంటు పెట్టుకుని తిరిగాడు. అమ్మ ఒక్కతే దాన్ని మెచ్చుకుంది. ఇల్లుబండి అని పేరు కూడా ఆమే పెట్టింది.

అమ్మకు బొల్లి ఉండేది. మా వైపు తొన్ను అంటారు. నేను పుట్టిన తర్వాత మొదట పెదవి పక్కన ఒక చుక్కలాగా వచ్చి, చేతులకు పాకి, మెడ దాకా తెల్లబడిందట. నేను పావగడ బజారులో ఒక మెడికల్ షాపులో పనిచేస్తాను. అది అంటుకునే రోగం కాదని, చర్మం రంగు పోవడం తప్ప ఇంకేమీ కాదని ఎందరికో చెప్పాను. వాళ్ళు ఔనమ్మా ఔను అంటారు, చిల్లర మాత్రం నా చేతిలో పెట్టకుండా బల్ల మీద పెట్టి పోతారు. తల్లికుంటే కూతురికి రాకుండా పోతుందా అని వాళ్ళ అనుమానం.

ఇదంతా ఓర్చుకోవచ్చు. ఓర్చుకోలేనిది ఇంకొకటి ఉంది. మా వాళ్ళలో పోయినవాళ్ళను పూడుస్తారు. తొన్ను ఉన్నవాళ్ళను మాత్రం పూడ్చకూడదు, కాల్చెయ్యాలి. పూడిస్తే ఆ ఊరి మీద వాన పడదని నమ్మకం. నా చిన్నప్పుడు ఒక కరువు సంవత్సరం, ఎప్పుడో పోయిన ఒక ముసలాయన కాలి మీద తెల్ల మచ్చ ఉండేదని ఊళ్ళో ఎవరికో గుర్తొచ్చింది. మగవాళ్ళు పారలూ గడ్డపారలూ తీసుకుని పోయి సమాధి తవ్వారు. దొరికిన ఎముకలను సీమజాలి కంప పేర్చి కాల్చారు. ఆ రోజంతా అమ్మ వంటింటి తలుపు మూసుకుని రాగులు విసురుతూనే ఉంది. విసరాల్సినవి అయిపోయినా తిరగలి చప్పుడు ఆగలేదు. వారం తిరగకముందే వాన పడింది, అదే మా ఖర్మ. ఆ తర్వాత ఎవరు చెప్పినా ఎవరు వింటారు?

మా ఊరు తిరుమణికి కాస్త అవతల. పేరు చెప్పను, చెప్పినందువల్ల ఒరిగేదేమీ లేదు. మా నాన్న ఇలాంటివి నమ్మే మనిషి కాదు. విత్తనాల వేళ శనక్కాయలు వలిచేటప్పుడు కూలికొచ్చిన ఆడవాళ్ళు అమ్మను చెయ్యి పెట్టనిచ్చేవాళ్ళు కారు. నాన్న వాళ్ళ మాట పట్టించుకోకుండా మొదటి గుప్పెడు గింజలు అమ్మ చేతే విత్తే గొర్రులో పోయించేవాడు. 'నేను ముందు పోతే నా ఎడమ పక్కన నీకు చోటు పెట్టిస్తా, ఎవడొచ్చి తవ్వుతాడో చూస్తా' అని నవ్వేవాడు. చెప్పినట్టే ముందు పోయాడు. మా చేను మూలన, దారి పక్కన పూడ్చాం. తర్వాత చుట్టుపక్కల అందరితో పాటు మేమూ చేను సోలార్ కంపెనీకి కౌలుకిచ్చాం. సమాధి ఉందని కంచె ఆ మూలన లోపలికి వంచి కట్టారు. అందుకని కంచెకు ఇవతల నాన్న, ఆయనకు ఎడమ పక్కన ఒక మనిషి పట్టేంత ఖాళీ నేల మిగిలాయి.

ఆ ఖాళీ నేలే అమ్మకు కావాలి. నగ అడగలేదు, చీర అడగలేదు, ఆస్పత్రి కూడా అడగలేదు. కనపడ్డ ప్రతి పెద్దమనిషినీ అదే అడిగింది. మా చిన్నాయన, అంటే నాన్న తమ్ముడు, ఆ ఊళ్ళో పదిమందీ మాట వినే మనిషి. ఆయన చేను పార్కు గీత బయట పడింది. ఇప్పటికీ వాన చూసుకుని శనక్కాయ వేస్తాడు, గొర్రెలు కాస్తాడు. అమ్మంటే ఆయనకు ప్రాణం. నాన్న పోయాక అమ్మ పావగడలో నా దగ్గరే ఉండేది. ఆయనే ఒకసారి మా ఇంటికొచ్చి, తల వంచుకుని చెప్పాడు.

"వదినా, ఆ ఒక్కటి అడగొద్దు. ఊరు ఒప్పదు. నేను ఒప్పినా రేపు వాన తప్పిపోతే వాళ్ళే వచ్చి తీస్తారు. అది నేను సూడలేను."

అమ్మ ఆయన ముందు కాఫీ గ్లాసు పెట్టి, "సరేలే అబ్బీ, కాఫీ తాగు" అంది. ఆ మాట అన్నంత సులభంగా ఆశ వదులుకోలేదని నాకు తెలుసు. అలాంటి మాటను కాఫీతో పాటు మింగమంటే ఎవరికైనా గొంతు దిగుతుందా?

ఆ యేడు అమ్మ గుండె బాగా బలహీనపడింది. మోకాళ్ళు మా ఫ్లోరైడు నీళ్ళ పుణ్యమా అని ఎప్పుడో వంగిపోయాయి. తుమకూరు డాక్టరు నన్ను పక్కకు పిలిచి, ఇష్టమైనవి వండిపెట్టమని చెప్పాడు. దాని అర్థం నాకు వేరే చెప్పక్కరలేదు, మందుల షాపులో ఆ మాట విన్నవాళ్ళ ముఖాలు రోజూ చూస్తాను. ఇంటికొచ్చాక, ఎక్కడికైనా పోదామా, ఏం చూడాలనుంది అని అడిగాను.

"వాన సూడాల" అంది అమ్మ.

మా ఆయన సంబరపడి చిక్కమగళూరు అన్నాడు, ఆగుంబె అన్నాడు, ఫోనులో పచ్చటి కొండలు చూపించాడు. అమ్మ మర్యాదకు అన్నీ చూసింది.

"ఆడ యాపొద్దూ పడేదే కదా నాయినా. ఆ వానతో నాకేం పని? మన వాన సూడాల. మన నేల మీద పడేది."

దాంతో మన వాన కోసం ఎదురుచూడటం మొదలైంది. మామూలుగా మా తాలూకాలో అది మనుషుల్ని ముసలివాళ్ళను చేసే పని. ఆ యేడు ఉత్తర కార్తెలో మబ్బు పట్టింది. టీవీలో తుఫాను అన్నారు. మా ఆయన వ్యానుకు గ్రీజు పెట్టి, నెత్తిన టార్పాలిన్ కట్టాడు. నేను షాపులో సెలవు అడిగితే మా ఓనరు, "వానకు సెలవేందమ్మా, విత్తనమేయల్లా ఏంది నువ్వు?" అని నవ్వాడు. ఔనన్నాను.

ముందు నిడుగల్లు పోయాం. అది అమ్మ పుట్టిల్లు. ఇల్లు లేదు, మనుషులూ లేరు, కొండా దాని మీద కూలిన కోటగోడా ఉన్నాయి. కొండ కింద రాతిపరుపు మీద, బురద కానిచోట బండి ఆపాం. మధ్యాహ్నానికి గాలి నిలిచిపోయింది. గొర్రెలు తోలుకుపోయే వాళ్ళు పరుగులు పెట్టారు. ఆ తర్వాత పడింది చూడండి, కొండ కనపడలేదు.

రేకు మీద ఆ చప్పుడుకు మేం ఒకరి మాట ఒకరికి వినపడక అరుచుకున్నాం. మా ఆయన కొట్టిన వెల్డింగులు ఎంత గొప్పవో పావుగంటలో తేలిపోయింది. నా మంచం మీద ఒక ధార, పొయ్యి పక్కన ఒక ధార. ఆయన గిన్నెలు పెట్టుకుంటూ, "వెంటిలేషన్ కోసరం వదిలినా" అన్నాడు. అమ్మ పడీ పడీ నవ్వింది. నేను మిరపకాయ బజ్జీలు వేశాను, బొరుగులు తాలింపు పెట్టాను. తడి మట్టి వాసన, నూనె వాసన, పక్కన చలికి దుప్పటి కప్పుకున్న అమ్మ. నాకు నా వయసు గుర్తులేకుండా పోయింది.

అప్పుడు అమ్మ ఒక పని చేసింది. అమ్మ ఎప్పుడూ మణికట్టు దాకా చేతులుండే రవికే వేసుకునేది, ఎంత ఎండలోనైనా సరే, పైన కొంగు చుట్టుకునేది. ఆ రోజు కిటికీ అద్దం పక్కకు జరిపి, రవిక చేతులు మోచేతుల పైదాకా మడిచి, రెండు చేతులూ బయటికి పెట్టింది. ఆ చేతులను పగటి వెలుతురులో నేను అంతసేపు ఎప్పుడూ చూడలేదు. తెలుపూ నలుపూ కలిసిన ఆ చర్మం మీద వాన పడి జారిపోతుంటే, అమ్మ కళ్ళు మూసుకుని కూర్చుంది. నాకు ఏడుపొచ్చింది. పొయ్యి వైపు తిరిగి బజ్జీలు తిరగేశాను.

"సల్లగుండాది పాపా" అంది.

"చాలు, లోపలికి తీయి. జ్వరమొస్తాది" అన్నాను.

"వస్తే రానీలే."

మరుసటి రోజు వాన సన్నబడింది కానీ ఆగలేదు. వల్లూరు మీదుగా బయలుదేరాం. అటు దారికి రెండు వైపులా సోలార్ పలకలే. అంతా నీలం, దాని మీద బూడిద రంగు ఆకాశం, మధ్యలో మనిషనేవాడు లేడు. ఒకప్పుడు ఈ రోజుల్లో ఇక్కడ శనక్కాయ చెట్టు నేలలోకి ఊడలు దించుతూ ఉండేది, పైరు మీదుగా ఒకరినొకరు పిలుచుకునే మాటలు వినపడేవి. ఇప్పుడు వాన పలకల మీద పడి, వాటి అంచుల నుంచి వరసగా కారి, కింద మొలిచిన గడ్డిలోకి పోతోంది. అమ్మకు అది నచ్చలేదు. "నేల మీద పడకుండా అడ్డం పెట్టినట్టుండాది" అని ముఖం తిప్పుకుంది.

ఒక గేటు దగ్గర షెడ్డు కింద పలకలు కడిగే ఆడవాళ్ళు కూర్చున్నారు. వాన పడితే పలకలను వాన కడుగుతుంది, వీళ్ళకు పని ఉండదు. ఆ రోజు కూలీ కూడా ఉండదట. వాన కోసం మొక్కిన ఆడవాళ్ళే ఇప్పుడు వాన వచ్చిందని చేతులు ముడుచుకుని దిగాలుగా కూర్చున్నారు. మా ఆయన బండి ఆపి అందరికీ టీ పోశాడు. గేటు కాపలాదారు కూడా వచ్చి తీసుకున్నాడు. అమ్మ కిటికీలోంచి బొరుగుల పొట్లం చాచింది. రవిక చేతులు ఇంకా మడిచే ఉన్నాయి. అతను ఆ చేతిని చూశాడు.

"ఈ పొద్దు ఒక్కపొద్దమ్మా, ఏమీ తినను" అని, చేతిలో టీ గ్లాసు కూడా షెడ్డు గోడ మీద పెట్టేసి గేటు వైపు పోయాడు.

నేను దిగబోయాను. నాలుగు మాటలు అడిగే ఊరుకునేదాన్ని. అమ్మ నా కొంగు పట్టుకుంది. "పోనీ పాపా. పిల్లలు గలోడు" అని, రవిక చేతులు కిందికి దించుకుని గుండీలు పెట్టుకుంది. ఆ తర్వాత మళ్ళీ వాటిని మడవలేదు. ఆ మనిషి మీద నాకున్న కోపం ఇప్పటికీ చల్లారలేదు.

మా ఊరి పొలిమేర చేరేసరికి వంక పారుతోంది. నీళ్ళు పారే వంకను నా పెళ్ళయ్యాక చూడలేదు. ఎర్రగా, చప్పుడు చేసుకుంటూ, కంపా చెత్తా తోసుకుంటూ పోతోంది. ఆ నీళ్ళు తగ్గేదాకా ఊళ్ళోకి పోలేం. ఇవతలి గట్టునే మా చేను మూల కాబట్టి, నాన్న సమాధి పక్కన బండి నిలిపేశాం. అమ్మ తలుపు తీయించుకుని గడప మీద కూర్చుంది. సమాధి రాళ్ళు కడిగినట్టు మెరుస్తున్నాయి. ఎడమ పక్క ఖాళీ నేలలో నీళ్ళు నిలవలేదు, అంతా తాగేసింది.

"మంచి చోటు" అంది అమ్మ. తన మంచం వేసుకునే చోటు చూసుకున్నట్టే చూసుకుంది.

కాసేపటికి చిన్నాయన వచ్చాడు. ఆయన చేను కూడా వంకకు ఇవతలే. తల మీదుగా కంబళి కొప్పెర వేసుకుని, మోకాళ్ళ దాకా బురదతో, నోరంతా నవ్వుతో వచ్చాడు. ఆయన బండెక్కగానే తడి గొర్రెల వాసన నిండిపోయింది. ఆయన అంత గట్టిగా మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు.

"మూరెడు దిగింది వదినా పదును! చెయ్యి పెట్టి చూసినా. చెట్టు మళ్ళా లేసి నిలబడింది. చెరువులోకి నీళ్ళు వస్తుండాయి. ఇంత వాన సూసి ఎన్నేండ్లయిందో!"

నేను ప్లేటులో బజ్జీలు పెట్టిచ్చాను. తింటూ అమ్మ వైపు చూశాడు. అమ్మ సమాధి వైపు చూస్తోంది. ఆయన నమలడం ఆపాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"వదినా, నేను సెప్తుండా ఇను. ఇంగ ఎవురేమన్నా అననీ. నిన్ను అన్న పక్కనే పెడతాం. ఈ వాన సూసినాక యానాకొడుకూ నోరెత్తడు. నేనుండా గదా, నేను చెప్పుకుంటా."

మా ఆయన చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. ఇన్నేళ్ళ నుంచి అమ్మ ఎవరెవరి కాళ్ళావేళ్ళా పడిందో ఆ మాట కోసం, అది ఒక వానకు, రెండు బజ్జీలకు వచ్చేసింది. అమ్మ ఏడుస్తుందనుకున్నాను. అమ్మ ఏడవలేదు. బయట పారుతున్న వంక వైపు తిరిగింది.

"వద్దబ్బీ. నన్ను కాల్చేయండి."

చిన్నాయనకు అర్థం కాలేదు. "ఏంది వదినా? నువ్వే గదా ఇన్నేండ్లూ అడిగినావు?"

"అడిగినా. అప్పుడు వాన యాడుండాది? పోయేదేముందిలే అనుకున్యా. ఇప్పుడు సూడు, ఎట్ల పడుతుండాదో. దీన్ని నేను పోగొట్టాల్నా?"

నాకు పిచ్చికోపం వచ్చింది. చిన్నాయన ముందే అరిచాను. అది ఒట్టి మాటని, చర్మం రంగుకూ మబ్బులకూ ఏం సంబంధమని, ఎన్నిసార్లు చెప్పాను, ఎన్ని పుస్తకాల్లోంచి చదివి వినిపించాను అని గొంతు పగిలేట్టు అడిగాను. అమ్మ నన్ను మెత్తగా చూసింది.

"చెప్పినావు పాపా. నేను విన్యా. నమ్మినానని యాపొద్దన్నా చెప్పినానా?"

వాన పడదన్న ఆ మాటను అమ్మ ఎన్నడూ నమ్మలేదని, ఊరి మూఢత్వాన్ని మౌనంగా భరిస్తోందని నేను జీవితమంతా అనుకున్నాను. ఆమె తరఫున నేను ఊరి మీద పళ్ళు నూరుతూ వచ్చాను. వాన తప్పిన ప్రతి సంవత్సరం ఆమె ఊరితో పాటు తననే అనుమానించుకుంటూ గడిపిందని నాకు ఆ బండిలో, ఆ బజ్జీల వాసన మధ్య తెలిసింది. ఇంతకంటే ఊరు తిట్టి ఉంటే బాగుండేది.

"నాయన చెప్పింది కూడా ఒట్టిదేనా? ఎడమ పక్క చోటు నీదే అన్నాడు కదా!" అన్నాను చివరికి. అది ఆమెను గుచ్చుతుందని తెలిసే అన్నాను.

"మీ నాయన మంచోడు" అంది అమ్మ. "ఆయన ఒక్కడికే నేనంటే ఇష్టం. వాన అందరిదీ."

మా ఆయన గొంతు సవరించుకుని, "అత్తా, ఇంగొంచెం టీ పెట్టల్లా?" అన్నాడు. పాపం, ఆయన చేయగలిగింది అదే. చిన్నాయన మాత్రం కంబళి తల మీదికి లాక్కుని, ముఖం కనపడకుండా కూర్చున్నాడు. కాల్చేది వద్దు వదినా అని అనలేదు. ఆయన ఊపిరి తేలికపడటం నాకు వినపడింది. ఆ ఊపిరికి ఆయన్ను నేను క్షమించలేదు.

ఆ సాయంత్రం దాకా అమ్మ గడప మీదే కూర్చుంది. బరువు దిగిపోయినట్టు కబుర్లు చెప్పింది. నిడుగల్లు కొండ మీద చిన్నప్పుడు సీతాఫలాలు ఏరుకున్న సంగతి, పెళ్ళిలో నాన్న తలపాగా ఊడిపోయిన సంగతి, వాన చప్పుడు మధ్య గట్టిగా చెప్పి తనే నవ్వింది. నేను ముక్తసరిగా ఊఁ కొట్టాను. నవ్వలేదు. నా వల్ల కాలేదు.

వాన తెరిపిచ్చాక పావగడ వచ్చేశాం. చలికాలం ముదరకముందే అమ్మ పోయింది. చివర్లో మాట పడిపోయేముందు కూడా నా చేత ఒట్టు వేయించుకుంది. కాల్చాలి, ఎముక ముక్క కూడా ఊరి నేలలో పెట్టకూడదు. నేను వేశాను. కాల్చడం మా ఇంట్లో ఎవరికీ తెలియదు. కట్టెలు ఎలా పేర్చాలో, తల ఎటు పెట్టాలో ఎవరినో పిలిపించుకుని అడిగాం. పూడ్చేటప్పుడు మట్టి వేస్తారు, మనిషి కప్పుకుని పడుకున్నట్టుంటుంది. ఇది వేరు. ఇంతకంటే రాయలేను. బూడిద, ఎముకలు మొత్తం కుండకెత్తి, అదే వ్యానులో శ్రీరంగపట్నం తీసుకుపోయి కావేరిలో కలిపాం. కుండను కూడా నీళ్ళలోనే వదిలేశాం. మాకేమీ మిగుల్చుకోలేదు.

మరుసటి సంవత్సరం వాన రాలేదు.

విత్తనాల వేళ ఒక జల్లు పడింది, మొలకలు లేచాయి, అంతే. ఉత్తర కార్తె కూడా ఎండలోనే పోయింది. చిన్నాయన గొర్రెలను సగం అమ్మేశాడని విన్నాను. ఒకరోజు ఆయన మా మెడికల్ షాపుకొచ్చాడు. జ్వరం మాత్రలు అడిగి తీసుకుని, జనం పోయేదాకా పక్కన నిలబడ్డాడు. బాగా చిక్కిపోయాడు.

"పాపా, ఒక మాట అడుగుతా, ఏమనుకోవద్దు. ఊరోళ్ళు అడగమన్నారు" అన్నాడు. "చేరెడు బూడిదేమన్నా అన్న పక్కన పెట్టినావా? పెట్టింటే సెప్పు. ఎవురికీ తెలీకుండా నేనే తీసేస్తా."

"లేదు చిన్నాయనా. అంతా కావేరిలో కలిపినాం."

"మీ అమ్మ మీద ప్రేమతో ఒక ముక్కైనా..."

"అమ్మ మీద ఒట్టు."

తల ఊపాడు. నమ్మలేదని నాకు తెలిసిపోయింది. నేనెంత పోట్లాడేదాన్నో ఆయనకు తెలుసు, ఆ రోజు బండిలో నేను అరిచిన అరుపులు ఆయన విన్నాడు. అలాంటి కూతురు ఊరికే ఊరుకుంటుందని ఎవరు నమ్ముతారు? మాత్రల పొట్లం బల్ల మీదే మరచిపోయి వెళ్ళిపోయాడు.

అటు పని మీద పోయిన మా ఆయన స్నేహితుడు, నాన్న సమాధి దగ్గర తవ్వుతున్నారని ఫోను చేస్తే మేం బయలుదేరాం. పోయేసరికి తవ్వడం అయిపోయింది. నాన్న సమాధిని ముట్టుకోలేదు, ఆ మర్యాద పాటించారు. దాని ఎడమ పక్కన, కంచెకూ సమాధికీ మధ్య ఉన్న నేలంతా తవ్వారు. ఎక్కడ పెట్టి ఉంటానో తెలియక పొడవునా తవ్వారు, లోతుగా పెట్టి ఉంటానేమోనని ఛాతీ దాకా దిగారు. మట్టి రెండు పక్కలా గట్టు పోశారు. చాలామంది అప్పటికే వెళ్ళిపోయారు. చిన్నాయన ఒక్కడే గుంత అంచున కూర్చుని ఉన్నాడు.

"ఏం దొరికింది?" అని అడిగాను.

"ఏమీ లేదు పాపా" అన్నాడు. చేతిలో మట్టి పెళ్ళను నలిపి చూపించాడు. పొడిపొడిగా రాలిపోయింది. "సూడు, ఇంత లోతు పోయినాం. యాడా తడే లేదు."

మా ఆయన ఎవరో వదిలిపోయిన పార అందుకుని, పూడ్చేద్దామని మట్టి తీయబోయాడు. నేను ఆయన చేతిలోంచి పార తీసుకుని పక్కన పడేశాను. నాన్న పక్కన, ఎడమ వైపు, ఒక మనిషి పడుకోవడానికి సరిపోయేంత గుంత. అమ్మ బతికినంత కాలం అది అడిగితే ఇవ్వనివాళ్ళు, అమ్మ లేకుండా పోయాక వాళ్ళే వచ్చి తవ్వి పెట్టారు.